ముందు బల్ల, తర్వాతే కర్ర

మొన్న శనివారం మా మేనల్లుడు వచ్చాడు. చంకలో పొడుగాటి అట్టపెట్టె. "మామయ్యా, ఈసారి గాలపు కర్ర నేనే చేసుకుంటున్నాను, చూడు" అంటూ సోఫా మీదే విప్పాడు. లోపల అన్నీ ఉన్నాయి. కార్బన్ బ్లాంకు (ఒట్టి కర్ర), గైడ్లు (గాలపు తాడు దూరే కడియాలు), కార్కు పిడి, గైడ్లని కర్రకి కట్టే దారం నాలుగు రంగుల్లో, రెండు సీసాల ఎపాక్సీ, దారం చుట్టడానికి ఓ చిన్న మోటారు యంత్రం. మా అక్క కొడుక్కి చేతిపని మీద ధ్యాస పుట్టినందుకు నాకు నిజంగా సంతోషమేసింది.

"ఎక్కడ కూర్చుని చేస్తావురా?" అనడిగాను.

"డైనింగ్ టేబుల్ ఉందిగా. అది కుదరకపోతే మడత బల్ల ఒకటి కొంటాను. ప్లాస్టిక్‌ది, తేలిగ్గా ఉంటుంది."

తేలిగ్గా ఉంటుందట! పనిబల్లకి అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి లేదు. నా కోపం వాడి మీద కాదు. ఇన్ని సామాన్లు పెట్టెలో సర్ది అమ్మినవాళ్లు, వీటిని దేని మీద పెట్టి పనిచెయ్యాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. మా రోజుల్లో మంచి రాడ్, అదే గాలపు కర్ర, చెయ్యాలంటే ముందు బల్ల చేసుకునేవాళ్లం. బల్ల చెయ్యడంలోనే సగం పని వచ్చేసేది. చెక్క ఎటు కదులుతుందో, నూనె ఎంతసేపటికి ఆరుతుందో, మన చెయ్యి ఏ ఎత్తులో అలవకుండా ఆడుతుందో అన్నీ అక్కడే తెలిసేవి. ఇప్పుడు ఆ సగం వదిలేసి మిగతా సగంలోకి దూకుతున్నారు.

నేను వడ్రంగి కొడుకుని. కోనసీమలో మా నాన్నకి పనిబల్లే లేదు. అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేవాడు. కొయ్యని అరికాళ్ల మధ్య బిగించి ఉలి వేసేవాడు, కాలి వేళ్లతో అదిమిపెట్టి చిత్రిక పట్టేవాడు. ఆయన కాళ్లే ఆయన బల్ల, ఆయన పట్టకారు. ఈ సంగతి తెలిసిన మేనల్లుడు నన్ను పట్టుకున్నాడు కూడా. "తాతయ్య బల్ల లేకుండానే తలుపులూ మంచాలూ చేశాడు కదా మామయ్యా!" నిజమే. కానీ ఆ అరుగు మీద ఆయన కూర్చునే చోటు ముప్పై ఏళ్లు మారలేదు. మొహం ఉత్తరానికి. కుడిచేతి పక్కన బాడిస, ఎడమపక్క మూలమట్టం. కళ్లు మూసుకుని చెయ్యి చాపినా కావలసిన పనిముట్టు అందేది. ఆయన ఒంటికి, ఆయన పనికి తగ్గ చోటు ఆయనే ఏర్పాటు చేసుకున్నాడు. మేనల్లుడి మడత బల్ల ఎవరి ఒంటికి తగ్గట్టు తయారైంది?

అదీగాక ఎనిమిది అడుగుల రాడ్‌ని కాళ్ల మధ్య పట్టి దారం చుట్టలేం. దాన్ని రెండు మూడు చోట్ల ఆనించాలి. వేళ్లతో మెల్లగా దొర్లిస్తుంటే దారం పోగు పక్కన పోగు, వెంట్రుకవాసి సందు లేకుండా పడాలి. గైడు పాదం అంచు దగ్గర దారం ఎక్కేటప్పుడు బల్ల ఒక్కసారి ఊగిందంటే పోగు జారి పక్క పోగు మీదికెక్కుతుంది. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిపోయిందని మా అమ్మ అనేది. మడత బల్ల మీద చుట్టిన దారం సరిగ్గా అలాగే ఉంటుంది.

నేను మిషిగన్ వచ్చింది 1972లో. డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే చోట టూల్‌రూమ్‌లో ఉద్యోగం. అక్కడ నాతో పనిచేసే పెద్దాయన ఒకసారి గ్రేలింగ్ తీసుకెళ్లాడు. ఐ-75 మీద ఉత్తరానికి మూడు గంటలు. ఆ ఊరి పక్కనే 'ఆ సాబుల్' అనే నది. చల్లటి, తేటనీళ్ల నది. ట్రౌట్ చేపల కోసం పాటుపడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ 1959లో ఆ నది ఒడ్డునే పుట్టింది. జూన్ ఆఖరులో రాత్రిపూట నీటిలోంచి పెద్ద పెద్ద మేఫ్లై పురుగులు లేస్తాయి. చీకట్లో ట్రౌట్ వాటిని మింగే చప్పుడు వింటూ నడుంలోతు నీళ్లలో నిలబడ్డాను. మా ఊరి కాలవ గట్టున జీలుగు బెండు కట్టిన వెదురు గాలం పట్టుకుని కూర్చున్న పిల్లాడు నాలో మళ్లీ లేచి కూర్చున్నాడు.

ఆ పెద్దాయన చేతిలో ఉన్నది వెదురు రాడ్. ఆ వెదురు దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిదనీ, టాంకిన్ వెదురంటారనీ చెప్పాడు. ఆరు బద్దలు చీల్చి, ఒక్కొక్కటి అరవై డిగ్రీల కోణంలో చిత్రిక పట్టి, ఆరింటినీ జిగురుతో అతికితే ఆరు పలకల కర్ర అవుతుంది. చివరికి పోనుపోను సన్నబడాలి. కొలతలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో. 1950లో అమెరికా చైనా సరుకుని నిషేధించాక ఈ వెదురు రావడం ఆగిపోయింది, ఆ నిషేధం ఎత్తేసింది 1971లో. ఈలోగా ఫైబర్‌గ్లాస్ రాడ్లు బజారు నిండిపోయాయి. డెట్రాయిట్‌లోనే పాల్ యంగ్ అనే గొప్ప వెదురు రాడ్ల పనివాడు ఉండేవాడు, 1960లో పోయాడట. ఆయన చేసిన కర్ర ఒకటి ఒకరింట్లో చేత్తో పట్టుకుని చూశాను. దారపు చుట్ల మీద వార్నీషు ఎంత పల్చగా ఉందంటే, వేలితో రాస్తే దారం ఎక్కడ మొదలైందో తెలియలేదు. వంచి చూస్తే కర్ర పిడి దాకా బతికున్నట్టు కదిలింది. ఊళ్లో మా నాన్న వెదురుకి సెగ చూపి, మోకాలికి ఆనించి సాపు చేసేవాడు. ఆ మోకాలే గుర్తొచ్చింది.

చేసుకోవాలన్న కోరిక అక్కడ పుట్టింది. 1973లో ఫెన్విక్ కంపెనీ వాళ్లు గ్రాఫైటు రాడ్లు తెచ్చారు. 1974లో డేల్ క్లెమెన్స్ ఫైబర్‌గ్లాస్ రాడ్ల తయారీ మీద పుస్తకం రాశాడు, 1977లో గారిసన్ అనే పనివాడి వెదురు రాడ్ల పుస్తకం వచ్చింది. లైబ్రరీ నుంచి తెచ్చుకుని, నోటుబుక్కులో బొమ్మలు గీసుకుని చదివాం. పుస్తకం చదివి, నదికి వెళ్లి, పెద్దవాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి చూసి, ఆ తర్వాతే సామాను కొన్నాం. మొదట్లో నేనూ వంటింటి బల్ల మీదే చేశాను. మొదటి మూడు రాడ్లలో ఒక్కటి కూడా చేతికి నచ్చలేదు. అప్పుడు ఆపి బల్ల కట్టాను.

1983లో మా దగ్గర్లో ఒక బౌలింగ్ ఆటశాలలో పాత చెక్క లేన్లు పీకేసి కృత్రిమ పలకలు వేస్తున్నారు. లేన్ మొదటి పదిహేను అడుగులూ బంతి దబ్బున పడే చోటు. అక్కడ గట్టి మేపుల్ వాడేవాళ్లు, మధ్యలో పైన్, పిన్నులు నిలబెట్టే చోట మళ్లీ మేపుల్. సన్నటి చెక్క బద్దల్ని నిలువుగా పేర్చి, పక్కపక్కన మేకులు కొట్టి కలిపేవాళ్లు. ఆ మొదటి భాగంలోంచి ఎనిమిది అడుగుల ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. రెండున్నర అంగుళాల మందం. నలుగురం పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దించేసరికి చెమటలు పట్టాయి. అలా ఉండాలి బల్ల. దాని బరువే దాని బలం. మీద సుత్తితో కొట్టినా గుండుసూది కదలకూడదు.

దాన్ని కొయ్యడం మాటలు కాదు. లోపలంతా మేకులు. రంపం ఒక్క మేకుకి తగిలితే పళ్లు పోతాయి. అయస్కాంతంతో వెతికి, ఒక్కో మేకు దగ్గర సుద్దగీత పెట్టుకుని, అంచు బద్దల్ని ఒక్కొక్కటే విడదీసి వెడల్పు 28 అంగుళాలకి తెచ్చాను. పైన పాత పూతా, లేన్ల మీద రాసిన నూనే పట్టి ఉంది. చెక్కని చేత్తో గీకి, ఇసుక కాగితం పట్టేసరికి మూడు శనివారాలు పోయాయి. అప్పుడు బయటపడింది మేపుల్. మీగడ రంగు, వేలికి పాలరాయిలా తగిలింది.

కాళ్లకి యాష్ చెక్క. అప్పట్లో మిషిగన్‌లో యాష్‌కి కొదవ లేదు. బేస్‌బాల్ బ్యాట్లూ పార పిడులూ దాంతోనే చేసేవాళ్లు. దెబ్బ తింటుంది కానీ విరగదు. రెండేసి పలకలు అతికి కాళ్లు తయారుచేశాను. అడ్డ చట్రానికి బెజ్జాలు తొలిచి, వాటికి సరిపడా నాలుకలు చెక్కి దూర్చాను. ఒక్క ఇనుప మూలకట్టు కూడా వెయ్యలేదు. 2002లో డెట్రాయిట్ పరిసరాల్లోనే ఆకుపచ్చ పురుగొకటి బయటపడింది, యాష్ చెట్ల బెరడు కింద దూరి తినేస్తుంది. ఆసియా నుంచి వచ్చిందన్నారు. మా వీధిలో ఉన్న యాష్ చెట్లన్నీ నా కళ్లముందే ఎండిపోయాయి. మునిసిపాలిటీ వాళ్లు నరికేశారు. ఈనాడు నా బల్ల కాళ్లు చూస్తే, ఆ చెట్ల నీడలో సైకిల్ తొక్కిన మా పిల్లలు కనిపిస్తారు. ఇప్పుడు అలాంటి చెక్క తెమ్మంటే ఎక్కడ తేను?

బల్లపై పలకని చట్రానికి బిగించేటప్పుడు మర సీలలకి బెజ్జం గుండ్రంగా కాకుండా పొడుగ్గా తొలవాలి. మిషిగన్ చలికాలంలో హీటరు గాలికి చెక్క ఎండి ముడుచుకుంటుంది, వేసవి తేమకి ఉబ్బుతుంది. 28 అంగుళాల మేపుల్ పలక అటూ ఇటూ పావు అంగుళం కదలగలదు. కదలనివ్వకపోతే చీలుతుంది. ఇది పుస్తకంలో చదివింది కాదు. మా నాన్న తలుపు పలకలకి ఏడాదిలో ఏ కాలానికి ఎంత సందు వదలాలో చెప్పేవాడు. వానాకాలంలో చేసిన తలుపుకీ ఎండాకాలంలో చేసిన తలుపుకీ ఆయన లెక్క వేరు. కోనసీమ లెక్క మిషిగన్‌లో మారుతుంది, చెక్క గుణం మారదు.

ఇక పూత. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. పనిబల్లకి మెరిసే వార్నీషు వెయ్యకూడదు. దీపం వెలుగు బల్ల మీద పడి కళ్లలోకి కొడుతుంది, సన్న దారం కనబడదు. అవిసె నూనెనే వాడాను, కాచినదని అమ్ముతారే, అది. మొదటి పూతకి సగానికి సగం టర్పెంటైన్ కలిపాను. గుడ్డతో రుద్ది, ఇరవై నిమిషాలాగి, పైన మిగిలింది పూర్తిగా తుడిచెయ్యాలి. మర్నాడు మళ్లీ. అలా అయిదు పూతలు. తుడవకుండా వదిలేస్తే జిగురులా ఉండిపోతుంది, ఎన్నాళ్లకీ ఆరదు. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకూడదు. నూనె గాలిలో ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. తీగ మీద విడివిడిగా ఆరెయ్యాలి, లేదా నీళ్లలో ముంచాలి. డబ్బా మీద చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది. చదివేదెవరు? మా టూల్‌రూమ్‌లో కొత్తవాడు చేరిన మొదటిరోజే ఫోర్‌మన్ చెయ్యి పట్టుకుని గుడ్డలు ఎక్కడ వెయ్యాలో చూపించేవాడు.

నా దుఃఖం ఇంకొకటుంది. తొంభైల్లో ఇంటికొచ్చిన బంధువొకరు నాకు సాయం చేద్దామని, బజారులో కొన్న ఫర్నిచర్ పాలిష్ కొట్టి బల్ల తుడిచారు. సువాసనగా ఉంది, తళతళలాడింది. అందులో సిలికోన్ ఉంది. సిలికోన్ పడిన చోట ఏ పూతా నిలవదు. ఎపాక్సీ ఆ మచ్చ నుంచి పక్కకి లాక్కుని, చేపకన్ను లాంటి గుంటలు పడతాయి. బల్ల నుంచి నా వేళ్లకీ, వేళ్ల నుంచి రాడ్‌కీ అంటింది. నెల్లాళ్లు కష్టపడిన వెదురు రాడ్ మీద పదకొండు చుట్లకి పదకొండూ గుంటలు పడ్డాయి. అన్నీ కోసేసి మళ్లీ చుట్టాల్సి వచ్చింది. బల్ల పైభాగం మొత్తం గీకి, మళ్లీ నూనె పట్టించాను. అప్పట్నుంచి బేస్‌మెంట్‌లోకి స్ప్రే డబ్బా అనేది రానివ్వను. మా ఆవిడ కూడా మెట్ల పైనే ఆపేస్తుంది. ఈ రోజుల్లో ఇళ్లలో ప్రతి బల్ల మీదా ఏదో ఒక పాలిష్, ఏదో ఒక తుడుపు కాగితం. డైనింగ్ టేబుల్ మీద రాడ్ చేస్తానంటే నాకు అందుకే భయం.

మా రోజుల్లో దారం బిగువుకి యంత్రం లేదు. దారపు ఉండ కప్పులో పెట్టి, దారాన్ని లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ పేజీల మధ్యనుంచి లాగేవాళ్లం. బిగువు ఎక్కువ కావాలంటే పైన ఇంకో పుస్తకం. రాడ్‌ని వేళ్లతో దొర్లిస్తుంటే దారం చెప్పే సంగతులు వేళ్లకి తెలిసేవి. ఎక్కడ గైడు పాదం ఆకురాయితో సరిగ్గా అరగదియ్యలేదో, ఎక్కడ అంచు కోసుకుపోతుందో. మోటారు పెడల్ నొక్కి గిర్రున తిప్పేవాడికి ఇది తెలిసేసరికి దారం తెగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ డైరెక్టరీలూ లేవు. నా దగ్గర 1987 నాటిదొకటి ఉంది, అట్ట ఊడిపోయినా దాచుకున్నాను.

పూత ఆరడానికి మాత్రం మోటారు మంచిదే. అది ఒప్పుకుంటాను. మొదట్లో వార్నీషు వేసేవాళ్లం. పల్చగా ఆరేడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు. తర్వాత రెండు భాగాల ఎపాక్సీ వచ్చింది. సమపాళ్లలో కలిపి రాస్తే గంటల తరబడి తిప్పుతూనే ఉండాలి, లేకపోతే ఒకవైపు కారి బొడిపె కడుతుంది. మాంసం కాల్చే చువ్వ తిప్పే మోటారు తీసి బల్ల చివర బిగించాను. అంతకుముందు ఎన్ని రాత్రులు అలారం పెట్టుకుని లేచి చేత్తో తిప్పానో! కొత్త దీపాలూ మంచివే, నా వయసు కళ్లకి అవి లేకపోతే ఈ పనే లేదు.

కానీ ఒక్క పూతలో అయిపోతుంది కదా అని ఎపాక్సీ మందంగా పోసేవాళ్లని చూస్తే నాకు బాధ కలుగుతుంది. గాజు గోళీల్లా మెరుస్తాయి చుట్లు. ఫొటోలో బాగుంటాయి. రాడ్ కొసలో ఒక్కో చుట్టు బరువూ లెక్కే. కొస బరువెక్కితే కర్ర విసిరాక వెంటనే నిలవదు, ఊగుతూ ఉంటుంది. అంత ఖర్చుపెట్టి తేలికైన కార్బన్ కొని, దాని మీద జిగురు బరువు ఎక్కించడం ఏమిటి? పాల్ యంగ్ కర్ర మీద ఆ పూత పల్చదనం చూసినవాడు ఇలా చెయ్యలేడు. చూపించేవాళ్లేరీ ఇప్పుడు? పెట్టె వస్తుంది, పనివాడు రాడు.

ఇవన్నీ మేనల్లుడికి చెప్పాను, ఒకేసారి కాదు, భోజనం ముందు కొంత, తర్వాత కొంత. వాడు మౌనంగా విన్నాడు. ఆఖర్న "ఇంత బరువు బల్ల నా అపార్ట్‌మెంట్‌లోకి ఎలా ఎక్కుతుంది మామయ్యా? మూడో అంతస్తు" అన్నాడు. న్యాయమైన మాటే. వాడి ఇంట్లో బేస్‌మెంట్ లేదు, ఎనిమిది అడుగుల గోడ కూడా ఖాళీ లేదు. ఇద్దరం కూర్చుని కాగితం మీద గీశాం. అయిదు అడుగుల పొడుగు, ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికి, అంచులకి మేపుల్ బద్ద. కాళ్లు విప్పి కట్టుకునేలా బోల్టులు. బరువు కోసం కింద అర, అందులో ఇసుక సంచులు. రాడ్ ఆనించే స్టాండ్లు రెండు నేను చేసిస్తాను, వి ఆకారంలో, లోపల ఫెల్ట్ గుడ్డ అతికి. బల్ల పైన తెల్లకాగితం పరిచి మార్చుకుంటూ ఉండాలి, దారం రంగు తెలుస్తుంది, ఎపాక్సీ చుక్క పడినా బల్లకి అంటదు. వెలుతురు కోసం అడిగితే, ఉత్తరపు కిటికీ పడగ్గదిలో ఉందట. మంచం జరపమన్నాను, సరేనన్నాడు.

పెట్టె ఇక్కడే వదిలి వెళ్లాడు. వచ్చే శనివారం ప్లైవుడ్ తెస్తాడు. వెళ్లేముందు టేపు తీసుకుని గోడ పక్కన నిలబడమన్నాను. మోచెయ్యి ఎత్తు కొలుస్తూ, "కూర్చుని చుడతావా, నిలబడి చుడతావా?" అనడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, కుర్చీ లాక్కుని నా బల్ల ముందు కూర్చున్నాడు. అరచేతులు మేపుల్ మీద పెట్టి, భుజాలు దించి, "ఇలా" అన్నాడు. టేపు మళ్లీ మొదటినుంచి పట్టాను.